చిప్‌లోకి వెళ్ళే స్ట్రక్ట్, గడప దగ్గరే ఆగే క్లాస్

చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. కానీ సిస్టమ్‌వెరిలాగ్‌లో ఒకటి సిలికాన్‌లో తీగలుగా మారుతుంది, రెండోది కంప్యూటర్ మెమరీ దాటి బయటికి రాదు.

గండికోట జలాశయం నీటిమట్టాన్ని ఐదుసార్లు నమోదు చేసే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉందనుకుందాం. మొదటిసారి 100, తర్వాత 200, 300, 400, చివరికి 500. ఇవి అసలైన అడుగులో మీటర్లో కావు, లెక్క తేలికగా ఉండటానికి పెట్టుకున్న అంకెలు. ఒక్కో అంకెనూ ఒక సందేశంలో రాసి, ఆ సందేశాన్ని వరుసలో చేరుస్తూ పోవాలి. పని అయ్యాక వరుసను మొదటినుంచి చదవాలి.

సందేశాన్ని స్ట్రక్ట్‌గా రాస్తే 100, 200, 300, 400, 500 అని సక్రమంగా వస్తాయి. అదే సందేశాన్ని క్లాస్‌గా మార్చి, లూప్ మొదలయ్యే ముందు ఒకసారి సృష్టించి, మిగతా ప్రోగ్రాంను ముట్టుకోకుండా నడిపితే 500, 500, 500, 500, 500 అని వస్తాయి. ఎక్కడా ఎర్రర్ ఉండదు, హెచ్చరికా ఉండదు. మొదటి నాలుగు మట్టాలు ఏమయ్యాయో ప్రోగ్రాం చెప్పదు.

పులివెందులలోని జేఎన్‌టీయూఏ ఇంజనీరింగ్ కళాశాలలోనో, ప్రొద్దుటూరులోని యోగి వేమన విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాలలోనో ఎలక్ట్రానిక్స్ చదివి హైదరాబాద్, బెంగళూరు చిప్ డిజైన్ కేంద్రాలవైపు చూసే విద్యార్థికి ఈ చిక్కు ఎదురుకాక తప్పదు. సీ++ నేర్చుకుని వచ్చినవాళ్ళకైతే ఇంకా తికమక. ఆ భాషలో క్లాస్‌కూ స్ట్రక్ట్‌కూ తేడా దాదాపు లేదు. లోపలి సభ్యులు మామూలుగా బయటికి కనిపిస్తాయా, దాగి ఉంటాయా అన్నదొక్కటే అక్కడ ప్రధానం. హార్డ్‌వేర్ భాషలో ఆ అలవాటుతో వెళ్తే కాలు జారుతుంది.

ఒకే భాష, రెండు పనులు

మామూలు ప్రోగ్రాం అంటే కంప్యూటర్‌కు ఇచ్చే ఆదేశాల వరుస. హార్డ్‌వేర్ వర్ణన భాషలో రాసేది అలాంటిది కాదు. ఏ గేటు ఏ గేటుకు కలవాలి, ఏ బిట్‌ను ఏ రిజిస్టర్‌లో నిలపాలి అని సర్క్యూట్ స్వరూపాన్ని అందులో వర్ణిస్తారు. ఆ వర్ణనను సింథసిస్ సాఫ్ట్‌వేర్ చదివి గేట్ల జాబితాగా మారుస్తుంది. ఆ జాబితాయే చివరికి సిలికాన్ మీద ట్రాన్సిస్టర్లుగా అచ్చవుతుంది.

అచ్చయ్యాక దిద్దడం కుదరదు. కాబట్టి ముందే సర్క్యూట్‌ను కంప్యూటర్‌లో నడిపి చూస్తారు. దాన్ని సిమ్యులేషన్ అంటారు, అలా నడిపే సాఫ్ట్‌వేర్‌ను సిమ్యులేటర్ అంటారు. సర్క్యూట్‌కు ఇన్‌పుట్లు ఇవ్వడానికి, వచ్చిన జవాబులు సరైనవో కాదో తేల్చడానికి చుట్టూ మరో ప్రోగ్రాం కావాలి. ఆ ప్రోగ్రాం పేరు టెస్ట్‌బెంచ్. టెస్ట్‌బెంచ్ ఎప్పటికీ చిప్ కాదు. పరీక్ష ముగిశాక దాని పని అయిపోతుంది.

సిస్టమ్‌వెరిలాగ్ ఈ రెండు పనులకూ వాడే భాష. చిప్ వర్ణనా అందులోనే, పరీక్షించే ప్రోగ్రామూ అందులోనే. రెండూ ఒకే తీరు వాక్యాలతో, పక్కపక్క ఫైళ్ళలో ఉంటాయి. ఏ వాక్యం సిలికాన్ అవుతుందో, ఏది కాదో పైపైన చూస్తే తెలియదు. స్ట్రక్ట్‌కూ క్లాస్‌కూ మధ్య తేడా అంతా సిలికాన్ అయ్యేదాన్నీ కానిదాన్నీ విడదీసే ఈ గీత మీదే నిలబడి ఉంది.

స్ట్రక్ట్: పేర్లు పెట్టిన తీగల కట్ట

జమ్మలమడుగు ప్రాంతంలో పెన్నా మీద గండికోట జలాశయం ఉంది. దాని సామర్థ్యం 26.85 టీఎంసీలు. దిగువన మైలవరం జలాశయం. గండికోట నుంచి ఎత్తిపోసే నీళ్ళు పులివెందుల వైపున పార్నపల్లె దగ్గరున్న చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయర్‌కు చేరతాయి. ఈ మూడింటి మట్టాలనూ గమనించే చిన్న చిప్ ఒకటి తయారుచేయాలని ఊహించుకుందాం. ప్రతి జలాశయం నుంచీ దానికి 16 బిట్ల సందేశం వస్తుంది.

> బాక్స్: 16 బిట్లలో ఏముంది?
>
> జలాశయం కోడ్ – 2 బిట్లు. గండికోటకు 00, మైలవరానికి 01, చిత్రావతికి 10. 11 ఎవరికీ కేటాయించలేదు.
>
> నీటిమట్టం – 12 బిట్లు. 0 నుంచి 4095 దాకా చెప్పవచ్చు.
>
> ప్రమాద సూచన – 1 బిట్.
>
> పారిటీ – 1 బిట్. మొత్తం సందేశంలో ఒకట్ల సంఖ్య సరిసంఖ్య అయ్యేలా దీన్ని పెడతారు. దారిలో ఒక బిట్ తారుమారైతే దీనివల్ల తెలిసిపోతుంది.
>
> గండికోట, మట్టం 100, ప్రమాదం లేదు అనుకుంటే సందేశం ఇలా ఉంటుంది: 00 000001100100 0 1. మొదటి మూడు భాగాల్లో మూడు ఒకట్లున్నాయి కాబట్టి పారిటీ 1 అయింది.

పేర్లు లేకుండా రాస్తే ఇది ఉత్త 16 తీగలే. మట్టం కావాలంటే 13వ తీగ నుంచి 2వ తీగ దాకా అని ప్రతిచోటా లెక్కపెట్టి రాయాలి. రేపు కోడ్‌కు ఇంకో బిట్ కలిపితే ఆ లెక్కలన్నీ మళ్ళీ సరిచేసుకోవాలి. స్ట్రక్ట్ ఈ బాధ తప్పిస్తుంది. 16 తీగలను నాలుగు భాగాలుగా విడదీసి పేర్లు పెడితే, ఆపైన ‘మట్టం’ అంటే చాలు.

బిట్లను వరుసగా పేర్చిన స్ట్రక్ట్‌ను ప్యాక్డ్ స్ట్రక్ట్ అంటారు. అందులో మొదట రాసిన సభ్యుడు ఎడమవైపు, అంటే ఎక్కువ విలువగల బిట్ల దగ్గర కూర్చుంటాడు. కావాలంటే భాగాలను పేర్లతో పిలవవచ్చు, కావాలంటే మొత్తాన్ని 16 బిట్ల సంఖ్యగా చూడవచ్చు. పేర్లు పెట్టినందుకు సిలికాన్‌లో ఒక్క గేటు కూడా పెరగదు.

స్ట్రక్ట్‌గా ప్రకటించిన చరరాశి సిమ్యులేషన్‌లోనైనా తానే విలువ. ఒక స్ట్రక్ట్‌ను మరోదానికి సమానం చేస్తే 16 బిట్లూ నకలు అవుతాయి. ఆ తర్వాత మొదటిదాన్ని మార్చినా రెండోది చెక్కుచెదరదు. సర్క్యూట్ భాషలో చెప్పాలంటే ఒక రిజిస్టర్‌లోని బిట్లు మరో రిజిస్టర్‌లోకి చేరాయి. ఇక దాని దారి దానిది.

అయితే స్ట్రక్ట్ అయినంతమాత్రాన చిప్‌లోకి వెళ్తుందని కాదు. లోపల అక్షరాల వరుస (స్ట్రింగ్) సభ్యుడిగా ఉంటే సింథసిస్ ఒప్పుకోదు. దానికి ఇన్ని తీగలని లెక్క ఉండదు. స్పష్టమైన బిట్ల లెక్క ఉన్న స్ట్రక్ట్‌కే ఆ అర్హత.

క్లాస్: చేతిలో ఉన్నది చీటీ మాత్రమే

క్లాస్ కథ వేరు. క్లాస్ రాసినంతమాత్రాన ఏ వస్తువూ (ఆబ్జెక్ట్) పుట్టదు. దాని పేరుతో ఒక చరరాశిని ప్రకటించినా పుట్టదు. సిమ్యులేషన్ నడుస్తుండగా ‘న్యూ’ అనే మాట తగిలినప్పుడు కంప్యూటర్ మెమరీలో కొంత చోటు కేటాయించి, అక్కడ ఆబ్జెక్ట్‌ను సిమ్యులేటర్ నిలబెడుతుంది. చరరాశిలోకి వచ్చేది ఆ ఆబ్జెక్ట్ కాదు, అది ఎక్కడుందో చెప్పే హ్యాండిల్.

పసిడిపురిగా పేరుపడ్డ ప్రొద్దుటూరులో ఈ సంగతి అర్థం కావడం సులువు. బంగారు హారాన్ని తాకట్టు పెడితే చేతికి చీటీ వస్తుంది, హారం కొట్టులోనే ఉంటుంది. చీటీకి పది జిరాక్సులు తీయించినా హారాలు పది కావు. కొట్టులో ఆ హారానికి ఒక రాయి ఊడిపోతే పది చీటీలూ రాయి ఊడిన హారాన్నే చూపిస్తాయి. హ్యాండిల్ ఆ చీటీ, ఆబ్జెక్ట్ ఆ హారం. స్ట్రక్ట్‌లో చీటీ ప్రసక్తే లేదు. ఒకదాన్ని మరోదానికి సమానం చేస్తే, అదే తూకం, అదే నమూనాతో రెండో హారం చేయించినట్టే.

ఇప్పుడు ఐదు మట్టాల లెక్క తేలిపోతుంది. లూప్‌కు ముందు ఒక్కసారి ‘న్యూ’ అన్నారు, కాబట్టి మెమరీలో ఉన్న సందేశం ఒక్కటే. లూప్ తిరిగిన ప్రతిసారీ అందులోని పాత మట్టాన్ని చెరిపి కొత్తది రాశారు. వరుసలో చేరింది మాత్రం ప్రతిసారీ అదే హ్యాండిల్ నకలు. చివరికి వరుసలో ఐదు హ్యాండిల్స్ ఉన్నాయి, అన్నీ చూపేది ఒకే ఆబ్జెక్ట్‌ను, దాంట్లో మిగిలింది 500. ‘న్యూ’ను లూప్ లోపలికి జరిపితే ఐదు వేర్వేరు ఆబ్జెక్టులు పుడతాయి, ఐదు మట్టాలూ దక్కుతాయి. స్ట్రక్ట్‌తో రాసినప్పుడు వరుసలో చేర్చడమంటేనే నకలు తీయడం, అందుకే అక్కడ ఈ జాగ్రత్త అక్కర్లేకపోయింది.

పుట్టినట్టే ఆబ్జెక్టులు పోతాయి కూడా. ఒక ఆబ్జెక్ట్‌ను చూపించే హ్యాండిల్ ఒక్కటీ మిగలకపోతే, ఆ చోటును సిమ్యులేటర్ తనంతట తానే ఖాళీ చేసుకుంటుంది. ప్రోగ్రాం రాసేవాళ్ళు చెరపమని చెప్పనక్కర్లేదు.

చిప్ ఎందుకు ఒప్పుకోదు?

‘న్యూ’ అంటే నడుస్తుండగా కొత్త చోటు పుట్టించడం. చిప్‌లో అది అయ్యే పని కాదు. కర్మాగారం నుంచి బయటికి వచ్చేసరికే ఎన్ని రిజిస్టర్లు ఉండాలో, ఏ తీగ ఎటు పోవాలో ఖరారైపోతుంది. కరెంటు ఇచ్చాక సందేశాలు పది వచ్చినా పదివేలు వచ్చినా కొత్త ట్రాన్సిస్టర్ మొలవదు. వచ్చిన సందేశాలను దాచుకోవాలంటే, ఎన్ని దాచాలో డిజైనర్ ముందే లెక్కగట్టి అంత మెమరీని సర్క్యూట్‌లో పెట్టాలి.

క్లాస్‌ను చదివిన సింథసిస్ సాఫ్ట్‌వేర్ ముందు రెండు ప్రశ్నలుంటాయి. ఇలాంటి ఆబ్జెక్టులు మొత్తం ఎన్ని పుడతాయి? ఏ హ్యాండిల్ ఎప్పుడు దేన్ని చూపిస్తుంది? సిమ్యులేషన్ నడిస్తేగానీ వీటికి జవాబు రాదు, గేట్ల జాబితా మాత్రం అంతకుముందే కావాలి. స్ట్రక్ట్‌కు ఆ చిక్కు లేదు. 16 బిట్లంటే 16 బిట్లే, ఎప్పుడు చూసినా అంతే. అందుకే చిప్ వర్ణనలో ఆబ్జెక్టులు పుట్టించడానికి వీల్లేదు. కొన్ని సింథసిస్ సాధనాలు క్లాస్‌లోని స్టాటిక్ ఫంక్షన్లను వాడుకోనిస్తాయి, కానీ వాటిని పిలవడానికి ఆబ్జెక్ట్ పుట్టాల్సిన పని లేదు.

మరి క్లాస్ ఎందుకు?

పరీక్షించాల్సినవి ఎన్నో లెక్కపెడితే క్లాస్ అవసరం తెలుస్తుంది. 16 బిట్ల సందేశానికి 65,536 రూపాలుంటాయి. కంప్యూటర్‌కు అదేమంత పెద్ద పని కాదు. కానీ లోపాలు తరచూ ఒక సందేశం వెనక మరొకటి వచ్చే తీరులో దాగి ఉంటాయి. వరుసగా రెండు సందేశాలంటే దాదాపు 429 కోట్ల రకాలు. మూడంటే 2 కోట్ల 81 లక్షల కోట్లు. సెకనుకు పది లక్షల చొప్పున పరీక్షించినా దాదాపు తొమ్మిదేళ్ళు పడుతుంది. అదీ ఇంత చిన్న ఊహా చిప్‌కు.

అన్నీ చూడలేరు కాబట్టి, కొన్ని నియమాలకు లోబడి యాదృచ్ఛికంగా సందేశాలు పుట్టిస్తారు. కోడ్ 11 రాకూడదు, మట్టం ఎక్కువగా గరిష్ఠానికి దగ్గర్లో ఉండాలి, ప్రమాద సూచన అప్పుడప్పుడే రావాలి. ఇలాంటి నియమాలను క్లాస్ లోపలే రాసుకునే ఏర్పాటు సిస్టమ్‌వెరిలాగ్‌లో ఉంది. ‘రాండమైజ్’ అని అడిగిన ప్రతిసారీ ఆ నియమాలన్నిటికీ సరిపోయే కొత్త విలువలను సిమ్యులేటర్ వెతికి పెడుతుంది.

క్లాస్‌కున్న మరో బలం వారసత్వం. మామూలు సందేశపు క్లాస్ ఒకటి ఉంటే, దాని నుంచి ‘పాడైన సందేశం’ అనే పిల్ల క్లాస్‌ను తీయవచ్చు. మిగతాదంతా తల్లి నుంచి తెచ్చుకుని, పారిటీ బిట్‌ను మాత్రం కావాలని తప్పుగా పెట్టేలా రాస్తే చాలు. తల్లి క్లాస్ హ్యాండిల్ పిల్ల క్లాస్ ఆబ్జెక్ట్‌ను కూడా చూపించగలదు. కాబట్టి సందేశాలను పంపే ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మార్చకుండా, మంచి సందేశాల మధ్య పాడైనవాటిని దూర్చి, చిప్ వాటిని పట్టుకుంటుందో లేదో చూడవచ్చు. స్ట్రక్ట్‌కు వారసత్వం లేదు, తనదైన ఫంక్షన్లూ ఉండవు.

పరీక్షలో తప్పిపోయిన లోపం ఖరీదెంతో 1994లో ప్రపంచమంతా చూసింది. ఇంటెల్ పెంటియం చిప్ కొన్ని భాగహారాల్లో తప్పు జవాబు ఇస్తోందని అమెరికాలోని లించ్‌బర్గ్ కళాశాల గణిత ఆచార్యుడు థామస్ నైస్లీ పసిగట్టారు. భాగహారం కోసం చిప్‌లో పెట్టిన పట్టికలో కొన్ని గడులు ఖాళీగా ఉండిపోవడమే కారణం. చిప్‌లు మార్చి ఇవ్వడానికి ఇంటెల్ 47.5 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది.

రెండు వంశాల వారసులు

స్ట్రక్ట్, క్లాస్ రెండూ ఒకే భాషలో ఎందుకు చేరాయో చరిత్ర చెబుతుంది. వెరిలాగ్ 1980ల నడుమ గేట్‌వే డిజైన్ ఆటోమేషన్ అనే సంస్థలో పుట్టింది. ఆ సంస్థను పెట్టింది భారతీయుడైన ప్రభు గోయల్, భాషను రూపొందించినవారిలో ప్రధానుడు ఫిల్ మూర్బీ. 1995లో అది ఐఈఈఈ ప్రమాణం అయింది. అప్పటి వెరిలాగ్‌లో స్ట్రక్ట్ లేదు, క్లాస్ లేదు.

చిప్‌లు పెరిగేకొద్దీ ఇంజనీర్లు రెండు దిక్కులకు వెళ్ళారు. తీగలను ఇంకా హాయిగా వర్ణించాలనుకున్నవారి కోసం సూపర్‌లాగ్ అనే భాష వచ్చింది. పరీక్షలు రాసేవారి కోసం వేరా అనే భాష వచ్చింది. అక్సెలెరా అనే ప్రమాణాల సంస్థ రెండింటినీ దగ్గరికి తెచ్చింది. 2002లో సూపర్‌లాగ్ విరాళంతో సిస్టమ్‌వెరిలాగ్ 3.0 వెలువడింది, స్ట్రక్ట్ ఆ దారిలో వచ్చింది. 2003లో వేరా నుంచి తెచ్చుకున్న అంశాలతో 3.1 వచ్చింది, క్లాస్‌లు దాంతో చేరాయి. 2005లో ఇదంతా ఐఈఈఈ 1800 అయింది. డిజైన్ చేసేవారి ఇంటి నుంచి ఒకటి, పరీక్షించేవారి ఇంటి నుంచి మరొకటి వచ్చి ఒకే ప్రమాణంలో కాపురం పెట్టాయి.



> బాక్స్: పక్కపక్కన పెట్టి చూస్తే
>
> సమానం చేస్తే: స్ట్రక్ట్‌లో బిట్లన్నీ నకలవుతాయి. క్లాస్‌లో హ్యాండిల్ ఒక్కటే నకలవుతుంది.
>
> సమానమా అని అడిగితే: స్ట్రక్ట్ లోపలి విలువలను పోలుస్తుంది. క్లాస్‌లో రెండు హ్యాండిల్స్ ఒకే ఆబ్జెక్ట్‌ను చూపిస్తున్నాయా అని చూస్తుంది. విలువలు అచ్చంగా ఒకటే అయినా ఆబ్జెక్టులు వేరైతే జవాబు ‘కాదు’.
>
> ఏమీ ఇవ్వకముందు: లాజిక్ రకం బిట్లున్న స్ట్రక్ట్‌లో ‘తెలియదు’ అని సూచించే ఎక్స్ విలువలుంటాయి. క్లాస్ చరరాశిలో ‘నల్’ ఉంటుంది, అంటే చీటీ ఖాళీ.
>
> చిప్‌లోకి: బిట్ల లెక్క ఉన్న స్ట్రక్ట్ వెళ్తుంది. క్లాస్ ఆబ్జెక్ట్ వెళ్ళదు.

చిక్కులు ఎక్కడ వస్తాయి?

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది నల్ హ్యాండిల్. ‘న్యూ’ అనడం మరిచిపోయి మట్టం రాయబోతే, రాయడానికి అసలు ఆబ్జెక్టే లేదని సిమ్యులేషన్ అక్కడికక్కడే ఆగిపోతుంది. ఇది కనిపించే తప్పు కాబట్టి తొందరగానే దొరుకుతుంది.

కనిపించని తప్పులు ఇంకా ఉన్నాయి. క్లాస్ హ్యాండిల్‌ను ఒక ఫంక్షన్‌కు ఇస్తే, ఆ ఫంక్షన్ లోపల మట్టాన్ని మార్చితే అసలు ఆబ్జెక్టే మారిపోతుంది. స్ట్రక్ట్‌ను మామూలుగా ఇస్తే ఫంక్షన్‌కు అందేది నకలు, అసలుది పదిలంగా ఉంటుంది. పరీక్షలో పంపిన సందేశాన్నీ వచ్చిన జవాబునూ పోల్చేచోట ఇది దెబ్బతీస్తుంది. పోలిక జరిగేలోపు ఎవరో ఆ ఆబ్జెక్ట్‌ను మార్చి ఉంటే, చిప్ తప్పు చేసినా పరీక్ష నెగ్గినట్టు చూపించవచ్చు.

నకలు తీయడంలోనూ ఒక మెలిక ఉంది. ఉన్న ఆబ్జెక్ట్‌ను చూపి ‘న్యూ’ అంటే దాని సభ్యులు కొత్తదాంట్లోకి నకలవుతాయి. కానీ ఆ సభ్యుల్లో మరో క్లాస్ హ్యాండిల్ ఉంటే నకలయ్యేది ఆ హ్యాండిల్ వరకే, దాని వెనకున్న ఆబ్జెక్ట్ కాదు. పైకి రెండు వేర్వేరు ఆబ్జెక్టులు, లోపల మాత్రం ఉమ్మడి సొత్తు. పూర్తి నకలు కావాలంటే ఆ పనిచేసే ఫంక్షన్‌ను ప్రత్యేకంగా రాసుకోవాలి. పరిశ్రమలో విరివిగా వాడే యూవీఎం పద్ధతిలో ఇలాంటి నకళ్ళకూ పోలికలకూ నిర్ణీతమైన ఫంక్షన్లు ఉండేది ఇందుకే. ఆ పద్ధతి మొదటి ప్రమాణాన్ని అక్సెలెరా 2011లో విడుదల చేసింది.

రెండూ కలిసి పనిచేసే చోటు

రోజువారీ పనిలో ఇది వద్దు, అది చాలు అనుకునే పరిస్థితి ఉండదు. 16 బిట్ల సందేశాన్ని ప్యాక్డ్ స్ట్రక్ట్‌గా ఒక ప్యాకేజీలో రాసి పెడతారు. చిప్ డిజైనర్ దాన్ని సర్క్యూట్‌లో వాడుకుంటారు. పరీక్షించే ఇంజనీర్ అదే స్ట్రక్ట్‌ను క్లాస్ లోపల సభ్యుడిగా పెట్టుకుని, దాని చుట్టూ నియమాలూ ఫంక్షన్లూ అల్లుకుంటారు. కోడ్‌కు రేపు మరో బిట్ కలిస్తే మార్పు ఒక్కచోటే, ఇద్దరికీ అందుతుంది.

పంపే సమయం వచ్చినప్పుడు, డ్రైవర్ అనే క్లాస్ ఆ ఆబ్జెక్ట్‌లోని స్ట్రక్ట్‌ను తీసి 16 బిట్లనూ తీగల మీద పెడుతుంది. నియమాలు, వారసత్వం, హ్యాండిల్స్ ఏవీ ఆ గడప దాటవు. చిప్‌కు అందేది సున్నాలూ ఒకట్లే.

పెద్ద చిప్‌లను పరీక్షించేటప్పుడు ఈ విభజన కంటికే కనిపిస్తుంది. సిమ్యులేటర్ వేగం చాలక చిప్ వర్ణనను ఎమ్యులేటర్ అనే ప్రత్యేక యంత్రంలోకి ఎక్కిస్తారు. స్ట్రక్ట్‌లతో రాసిన సర్క్యూట్ ఆ యంత్రంలో అసలు హార్డ్‌వేర్‌గా నడుస్తుంది. క్లాస్‌లతో రాసిన టెస్ట్‌బెంచ్ పక్కనున్న మామూలు కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. రెండింటి మధ్య కేబుల్ ఉంటుంది. అవతలి యంత్రానికి ఈ కంప్యూటర్ మెమరీతో సంబంధం లేదు కాబట్టి ఆ కేబుల్ మీద హ్యాండిల్‌ను పంపి ప్రయోజనం లేదు. సందేశాన్ని బిట్లుగా పేర్చి పంపాలి, జవాబును బిట్లుగానే అందుకుని ఇవతల మళ్ళీ ఆబ్జెక్ట్‌గా మార్చుకోవాలి. మొదట్లోనే సందేశాన్ని ప్యాక్డ్ స్ట్రక్ట్‌గా విడదీసి పెట్టుకున్న బృందానికి ఈ మార్పు ఒక చిన్న ఫంక్షన్‌తో సరిపోతుంది. విలువలన్నిటినీ క్లాస్‌ల మధ్య చెల్లాచెదురుగా రాసుకున్న బృందం మాత్రం టెస్ట్‌బెంచ్‌లో చాలా భాగాన్ని తిరగరాసుకోవాల్సి వస్తుంది.